‘బండి జారి పడ్డాడు’ అని చెప్పకండి

2023 నవంబర్‌లో ఒక సాయంత్రం, ఏడు దాటింది. మా బామ్మర్ది గిర్నిబావి దాటి నర్సంపేట వైపు పోతూ రోడ్డు మీద ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని వెనక నుంచి గుద్దాడు. వడ్ల బస్తాలు ఎత్తుతున్నారట, సగం ట్రాలీ రోడ్డు మీదే ఉంది, వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు, కనీసం ఒక చెట్టుకొమ్మ కూడా పెట్టలేదు. నాకు ఫోన్ వచ్చేసరికి హనుమకొండలో ఇంట్లో ఉన్నాను. నేను వరంగల్‌లో ఆసుపత్రికి చేరేసరికి 108 వాళ్లు వాణ్ణి దింపేసి వెళ్లారు.

అక్కడ రాసుకునే అతను అడిగాడు, ఎట్ల జరిగింది అని. అప్పటికే దారిలో ఊరి నుంచి నాకు మూడు ఫోన్లు వచ్చాయి. "పోలీసు కేసయితే పరేషాన్ బావా, బండి స్టేషన్ల పెడ్తరు, మనోని బండికి ఇన్సూరెన్స్ గూడ అయిపోయింది, జారి పడ్డడని చెప్పు, తర్వాత కూసోని మాట్లాడుకుందాం." నాకూ అదే మంచిదనిపించింది. జారి పడ్డాడని చెప్పాను. ఆయన ఆ నాలుగు మాటలు చీటీ మీద రాసుకున్నాడు.

ఆ ఒక్క లైను మమ్మల్ని రెండేళ్లు తిప్పింది. ఈ పోస్టు రాస్తున్నది ముఖ్యంగా దాని గురించే, మిగతావన్నీ దాని వెంట వచ్చినవే.

వాడికి కుడి మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది, ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. నుదుటి మీద తొమ్మిది కుట్లు. హెల్మెట్ ఉంది, కానీ గడ్డం కింద పట్టీ పెట్టుకోలేదు, గుద్దిన దెబ్బకు అది ముందే ఎగిరిపోయింది. ఆపరేషన్‌కు, మందులకు కలిపి ఖర్చు రెండున్నర లక్షలు దాటింది. మా వాడి పని మోటార్ వైండింగ్. బాయి దగ్గర కూర్చుని మోటార్లు పైకి లాగాలి, షాపులో కింద కూర్చుని గంటల తరబడి తీగ చుట్టాలి. మోకాలు మడవకుండా ఆ పని ఎట్లా చేస్తాడు? అప్పుడు వాడికి 27 ఏళ్లు, పెళ్లై రెండేళ్లు.

మర్నాడు ట్రాక్టరాయన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. పక్క ఊరే, వరుసకు మామ అవుతాడు. చెడ్డవాడు కాదు, కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. 20,000 చేతిలో పెట్టాడు. ఒక తెల్లకాగితం మీద ‘ఇక మాకు ఏ గొడవా లేదు’ అని రాసి సంతకాలు చేయించుకున్నారు. మా అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట అంది, "కొడుకా, రేపు పొలాల పక్కపొంటి బతకాలె, ఆయన మీద కేసేమి పెడ్తం." ఆ మాటకు నేనేం జవాబు చెప్పగలను.

కానీ అక్కడే మేము తప్పుగా అర్థం చేసుకున్నాం. మనం కేసు ‘ఆయన మీద’ అనుకుంటాం. మోటారు వాహనాల చట్టంలో ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది ఎందుకంటే, ఆ బండి వల్ల వేరేవాళ్లకు దెబ్బ తగిలితే కంపెనీ కట్టాలని. ఆయన ఏటా ప్రీమియం కట్టేది దానికే. బండికి ఇన్సూరెన్స్ ఉండి, నడిపిన మనిషికి లైసెన్స్ సరిగ్గా ఉంటే, ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు) వేసిన నష్టపరిహారం కంపెనీ ఇస్తుంది. ఆయన తన జేబులోంచి 20,000 తీసి ఇవ్వడం ఆయనకూ నష్టమే, ఆ 20,000 తీసుకుని ఊరుకోవడం మాకూ నష్టమే. ఇద్దరం నష్టపోయి, కంపెనీ ఒక్కటి మాత్రం హాయిగా ఉంది.

ఎంత నష్టపోయేవాళ్లమో అదాలత్ దగ్గర ఒక వకీలు సాబ్ కాగితం మీద లెక్క వేసి చూపించేదాకా నాకు తెలియదు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో వయసును బట్టి ఒక గుణకం పట్టిక ఇచ్చింది. 26 నుంచి 30 ఏళ్ల వాళ్లకు అది 17. నెలకు 15,000 సంపాదన అనుకుంటే ఏడాదికి 1,80,000. దాన్ని 17తో గుణిస్తే 30,60,000. పని చేసే శక్తి 30 శాతం పోయిందని తేలితే 9,18,000. దీని మీద ఆసుపత్రి ఖర్చులు, మంచంలో ఉన్న నెలల సంపాదన, పడిన నొప్పికి ఇచ్చేది, ఇవన్నీ వేరు. నేను ఆ కాగితం వైపు చూస్తూ ఉండిపోయాను. మేము సంతకం పెట్టింది 20,000కు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు, చాలామందికి తెలియనిది. డాక్టర్ సర్టిఫికెట్‌లో కాలికి 30 శాతం వైకల్యం అని రాస్తే సంపాదన కూడా 30 శాతమే తగ్గిందని కాదు. 2010లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. మనిషి చేసే పనిని బట్టి చూడాలి. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడికి మోకాలు మడవకపోయినా జీతం ఆగకపోవచ్చు, బాయిలోకి దిగే మా వాడికి అదే మోకాలు బతుకుతెరువు. కాబట్టి మీ వాళ్లు ఏ పని చేస్తారో, ఆ పనిలో ఏ అవయవం ఎట్లా వాడతారో ట్రిబ్యునల్ ముందు విడమరిచి చెప్పించాలి. సంపాదనకు రుజువు కూడా కావాలి. మా వాడికి జీతం చీటీ ఎక్కడిది? ఫోన్‌పే లెక్కలు, షాపు నోట్‌బుక్, వైర్ కొన్న బిల్లులు, ఇద్దరు రైతుల సాక్ష్యం, ఇవే పెట్టాం.

సరే, మళ్లీ ఆ చీటీ దగ్గరికి వస్తాను. మేము స్టేషన్‌కు వెళ్లింది 23 రోజుల తర్వాత. ఇంత ఆలస్యంగా వస్తే ఎట్లా అన్నారు, కానీ ఎఫ్ఐఆర్ అయింది. ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్‌ను అనుమానించకూడదని, మన దేశంలో ఇంట్లో మనిషి చావుబతుకుల్లో ఉంటే ఎవరైనా ముందు ఆసుపత్రికే పరుగెత్తుతారని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పిందట. అది మాకు పనికొచ్చింది. మాకు గుదిబండ అయింది ఆలస్యం కాదు, చీటీ. కంపెనీ తరఫు వకీలు ప్రతి వాయిదాకూ అదే కాగితం పైకెత్తి చూపించాడు. ‘వాళ్లే చెప్పారు జారి పడ్డాడని, మా ట్రాక్టర్ అక్కడ లేనే లేదు, డబ్బు కోసం తర్వాత బండిని ఇరికించారు.’ నన్ను బోనులో నిలబెట్టి అడిగితే, అవును, నేనే అట్లా చెప్పాను అని ఒప్పుకోవలసి వచ్చింది. ఎందుకు చెప్పావంటే, భయపడి చెప్పానన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

మమ్మల్ని నిలబెట్టినవి రెండు. ఒకటి 108 వాళ్ల రికార్డు, అందులో స్థలం, టైము, ‘ట్రాక్టర్‌ను ఢీకొని’ అన్న మాట ఉన్నాయి. రెండోది, అక్కడ బస్తాలు మోస్తున్న ఒక పిల్లగాడు తన ఫోన్లో తీసిన ఫోటో. ట్రాలీ వెనక బైకు పడి ఉంది, ట్రాక్టర్ నంబర్ కనిపిస్తోంది. వాడు ఎందుకు తీశాడో కానీ వాడికి జీవితాంతం రుణపడి ఉంటాం.

అందుకే చెబుతున్నాను. ఆసుపత్రిలో అడిగినప్పుడు జరిగింది జరిగినట్టే చెప్పండి. ఏ బండి, దాని నంబర్, ఎక్కడ, ఎన్ని గంటలకు. ఎంఎల్‌సీ చేయమని అడగండి, అంటే ఇది ప్రమాదం కేసు అని ఆసుపత్రి రాసుకుని పోలీసులకు తెలియజేస్తుంది. రాసింది ఒకసారి చదివి వినిపించమనండి. ఆ టెన్షన్‌లో ఇవన్నీ గుర్తుండవని నాకు తెలుసు, మాకూ గుర్తులేదు. అందుకే ఇంట్లో ఒకరికైనా ముందే తెలిసి ఉండాలి.

‘మనోడి బండికి ఇన్సూరెన్స్ అయిపోయింది, లైసెన్స్ లేదు, కేసు పెడితే మనమే ఇరుక్కుంటాం’ అనే భయం దాదాపు ప్రతి ఊళ్లో వింటాను. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి 2,000 జరిమానా ఉంది, నిజమే. కానీ ఎదుటి బండి తప్పు వల్ల మనకు దెబ్బ తగిలితే, పరిహారం అడిగే హక్కు మన బండి ఇన్సూరెన్స్ లేనంత మాత్రాన పోదు. లైసెన్స్ లేకపోవడం ఒక్కటే ప్రమాదంలో తప్పు అయిపోదని కూడా సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. మా కేసులో హెల్మెట్ పట్టీ గురించి కూడా వాదించారు. పట్టీ పెట్టుకోకపోవడం వల్ల పగిలింది నుదురు, మోకాలి కింద ఎముక విరిగింది దానివల్ల కాదు కదా. మనం చేసిన ఉల్లంఘనకు, తగిలిన దెబ్బకు సంబంధం ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలని 2020లో ముగ్గురు ఎక్కిన బైకు కేసులో తీర్పు ఉంది. జరిమానాకు భయపడి లక్షలు వదులుకోకండి.

టైము సంగతి ఇంకా ముఖ్యం. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. ఆ గడువు చెల్లుతుందా అని సుప్రీంకోర్టులో సవాలు చేసినవాళ్లు ఉన్నారు, కానీ దాన్ని నమ్ముకుని ఆగొద్దు. మేము ఇంకా పన్నెండు రోజులు ఉందనగా వేశాం. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, బాధితుడు ఉండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లో కూడా వేయవచ్చు. నిజామాబాద్ దగ్గర దెబ్బ తగిలిన హనుమకొండ మనిషి ప్రతి వాయిదాకూ అంత దూరం పోనక్కర్లేదు. పోలీసులు కూడా 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలని రూల్స్‌లో ఉంది. మీరు వెళ్లి మర్యాదగా అడగండి, ఆ రిపోర్టు పంపారా అని. అడిగేవాళ్లు ఉంటే ఫైలు కదులుతుంది.

గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోతే, ఏ బండో తెలియకపోతే, అప్పుడు కూడా చేతులెత్తేయకండి. హిట్ అండ్ రన్ స్కీమ్ కింద చనిపోయిన వాళ్ల కుటుంబానికి 2,00,000, తీవ్రంగా గాయపడితే 50,000 ఇస్తారు. చిన్న మొత్తమే. కానీ అది కూడా అడగక వదిలేసిన ఇళ్లు నాకు తెలుసు. ఇప్పుడు, 2025 మే నుంచి, రోడ్డు ప్రమాదంలో గాయపడిన వాళ్లకు గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, 1,50,000 వరకు నగదు లేని చికిత్స స్కీమ్ కూడా వచ్చింది. మా వాడప్పుడు అది లేదు. చేర్చుకునేటప్పుడే ఈ స్కీమ్ ఉందా అని అడగండి.

మూడో రోజున వార్డులోకి ఒకాయన వచ్చాడు. మా పేర్లు, బెడ్ నంబర్ ముందే తెలుసు ఆయనకు. "అన్నా మీరు ఒక్క పైసా పెట్టకున్రి, వచ్చినదాంట్ల 30 శాతం మాకు" అన్నాడు, ఖాళీ వకాలత్ (మన తరఫున కేసు నడపమని వకీలుకు రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టమన్నాడు. అదృష్టం కొద్దీ అప్పటికి మేము కేసే వద్దనుకుంటున్నాం కాబట్టి తప్పించుకున్నాం. వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం, ఇట్లా మనుషులను పెట్టి కేసులు పట్టడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషేధం. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టకండి. డబ్బు లేదంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, మన హనుమకొండ కోర్టులోనే. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కూడా. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మేము ఆ దారిలోనే వెళ్లాం, వాళ్లు పెట్టిన వకీలు సాబే నాకు ఆ లెక్క వేసి చూపించింది.

ఇక రోడ్డు గురించి కొంచెం. మన వైపు ఏడాదికి రెండుసార్లు, వానాకాలం పంట అక్టోబర్, నవంబర్‌లో, యాసంగి ఏప్రిల్, మేలో చేతికొచ్చినప్పుడు, రోడ్లన్నీ కల్లాలవుతాయి. రైతును తిట్టడం నాకు చేతకాదు, మా మామది కూడా మూడెకరాలు. కోత మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి, తేమ 17 శాతం లోపుంటేనే సెంటర్లో కాంటా పెడతారు, ఇంటి ముందు జాగా ఉండదు, మరి ఎక్కడ ఆరబోయాలి? ఊరికి సరిపడా సిమెంటు కల్లాలు ఉంటే ఎవరూ రోడ్డెక్కరు. కానీ వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు వడ్లు ఎత్తాక కూడా అక్కడే వదిలేస్తారే, అది మాత్రం క్షమించలేను. రాత్రి నల్ల పర్దా కప్పిన కుప్ప, దాని చుట్టూ తలకాయంత రాళ్లు. అక్కడ బైకు పడితే అవతల బండి అంటూ ఉండదు, థర్డ్ పార్టీ క్లెయిమ్ ఉండదు. మన సొంత పాలసీలో ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల పీఏ (వ్యక్తిగత ప్రమాద బీమా) కవర్ కూడా చనిపోతేనో, కాలో చెయ్యో కన్నో పోతేనో, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తేనో ఇస్తారు, మామూలు ఫ్రాక్చర్‌కు ఏమీ రాదు. కొత్త బండికి థర్డ్ పార్టీ ఐదేళ్లకు కట్టించుకుంటారు, పీఏ కూడా అన్నేళ్లు ఉంటుందనుకుంటాం. మీ కాగితం తీసి దాని గడువు వేరుగా చూసుకోండి, ఈరోజే.

వడ్ల మీద బ్రేకు వేయొద్దు, ముఖ్యంగా ముందు బ్రేకు. గింజలు టైరు కింద గోళీల్లా తిరుగుతాయి. ముందే నెమ్మది చేసుకుని, హ్యాండిల్ తిప్పకుండా నిటారుగా దాటాలి. సాయంత్రం కోతల కాలంలో పచ్చదోమ లైటు వెలుతురుకు గుంపులుగా వస్తుంది, కంట్లో పడిందంటే రెండు సెకన్లు ఏమీ కనపడదు. 60 వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం, ఆ లెక్కన రెండు సెకన్లంటే 34 మీటర్లు గుడ్డిగా. మా వాడు ఆరోజు హెల్మెట్ అద్దం పైకి లేపే ఉంచాడు, ఎందుకంటే గీతలు పడి ఎదురు లైట్లకు ఏమీ కనిపించట్లేదట. కొత్త అద్దం రెండు మూడు వందలకు వస్తుంది. హెల్మెట్ మీద ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4151 అన్న నంబర్ ఉన్నాయో లేదో చూడండి, 2021 జూన్ నుంచి ఆ మార్కు లేనిది అమ్మడమే నేరం, అయినా రోడ్డు పక్కన టోపీల్లాంటివి అమ్ముతూనే ఉన్నారు. గడ్డం కింద పట్టీ టక్ మనే దాకా పెట్టండి. వెనక కూర్చున్న మీ ఆవిడకు కూడా. దీని గురించి నేను ఇంట్లో గొడవ పడ్డాను, మళ్లీ పడతాను.

రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే ఆగండి. కోర్టుల చుట్టూ తిప్పుతారనే భయం వద్దు. 2016లో సుప్రీంకోర్టు, తర్వాత చట్టంలో 134ఏ సెక్షన్, సాయం చేసినవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని, పేరు చెప్పమని బలవంతం చేయకూడదని స్పష్టంగా చెప్పాయి. గంటలోపు ఆసుపత్రికి చేర్చిన వాళ్లకు కేంద్రం ఇప్పుడు రాహ్‌వీర్ అని 25,000 ఇస్తోంది కూడా.

మా కేసు చివరికి లోక్ అదాలత్‌లో తెగింది. 4,10,000 వచ్చాయి. చీటీ లేకపోతే ఇంకా పోరాడేవాళ్లం, ఓపిక అయిపోయింది, వాడికి షాపు తెరవాలి. లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే అప్పీలు ఉండదని వకీలు సాబ్ ముందే చెప్పాడు, తెలిసే ఒప్పుకున్నాం. వాడిప్పుడు ఎత్తు స్టూలు వేసుకుని వైండింగ్ చేస్తున్నాడు, బాయిల దగ్గరికి ఒక పిల్లగాణ్ణి జీతానికి పెట్టుకున్నాడు.

ట్రాక్టరాయన ఆరోజు కోర్టుకు వచ్చాడు. కేసు పెట్టిన దగ్గర నుంచి మాతో మాటలు లేవు. తన జేబులోంచి ఒక్క రూపాయి కూడా పోలేదని తెలిశాక బయట చెట్టు కింద మా వాడి పక్కన నిలబడి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గీ ముచ్చట ముందే ఎర్కుంటే నేనే నిన్ను ఠాణాకు తోల్కపోదును గదరా" అన్నాడు.

పోయిన నెల హనుమకొండలో ఎర్ర రేడియం టేపు నాలుగు చుట్టలు కొని ఊరికి తీసుకెళ్లాను. మొదట ఆయన ట్రాలీకే అంటించాం, వెనక అడ్డంగా రెండు వరుసలు, మూలలకు రెండు. ఊళ్లో ఇంకా పదకొండు ట్రాలీలు ఉన్నాయి. యాసంగి కోతలు మొదలయ్యేలోపు అవి కూడా అయిపోవాలి.